కిరాణా కొట్లో అరువు ఖాతా: ఎంబీఏ ప్రాజెక్టుకు క్వాలిటేటివ్ డేటా ఎలా తేవాలి?

మీరు అడిగింది కుదించి చెప్తే ఇది: ఎంబీఏ రెండో సంవత్సరం, ఊరు గుంటూరు, చేతిలో 45 రోజులు. అంశం, ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక కిరాణా కొట్లలో అరువు ఖాతా ఏమైంది అని. మీ గైడ్ "ప్రశ్నపత్రం పంచి పర్సెంటేజీలు తియ్యకు, క్వాలిటేటివ్‌గా చెయ్యి" అన్నారు, అంటే అంకెలతో కాకుండా మనుషుల మాటలు, పనుల ద్వారా తెలుసుకోమని. ఇంటర్వ్యూలు చెయ్యాలా, ఫోకస్ గ్రూపా (కొంతమందిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం), కొట్లో కూర్చుని చూడాలా? ఎంతమంది చాలు? గూగుల్ ఫామ్‌లో పెద్ద జవాబులు రాసే గళ్ళు పెడితే సరిపోదా? వైవాలో (ప్రాజెక్టు మీద నోటి పరీక్షలో) "ఇంత తక్కువమందితో ఏం తేల్చావ్" అంటే ఏం చెప్పాలి?

నేను పదిహేడేళ్ళుగా మార్కెట్ రీసెర్చ్‌లో ఉన్నాను. అందులో మొదటి ఆరేడేళ్ళు కోస్తా జిల్లాల్లో కొట్టుకొట్టూ తిరిగిన ఉద్యోగమే. కాబట్టి పుస్తకంలో ఉండే నిర్వచనాలు మీకే వదిలేసి, ఫీల్డులో పనికొచ్చేవి చెప్తాను.

ముందు గూగుల్ ఫామ్ సంగతి తేల్చేద్దాం. వద్దు. పెద్ద గడి ఇచ్చినంత మాత్రాన అది ఇంటర్వ్యూ అయిపోదు. కొట్టు ఆయన "అరువు తగ్గింది" అని రెండు ముక్కలు టైపు చేస్తే, "అంటే? ఎవరికి తగ్గించారు? ఎందుకని?" అని వెంటనే అడగడానికి మీరు అక్కడ ఉండరు. మీ పనంతా ఆ "అంటే?" దగ్గరే ఉంది.

ఎందుకో చెప్పడానికి నా పరువు తీసిన సంఘటన ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, విజయవాడలో ఒక కొట్టు. గల్లాపెట్టె పైన ఎర్ర అక్షరాలతో "అప్పు రేపు" అని బోర్డు. చేతిలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన ప్రశ్నపత్రం. అడిగాను: "మీరు అరువు ఇస్తారాండీ?" "అబ్బే, ఎప్పుడో మానేశాం. అరువిస్తే కొట్టు మునిగిపోద్ది." నేను 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. ఇంకో రెండు ప్రశ్నలు అయ్యాయో లేదో, పదేళ్ళ పిల్ల ఒకతి సంచి పట్టుకుని వచ్చి, "అమ్మ కిలో కందిపప్పు, అరకిలో పంచదార ఇమ్మంది, రాసుకోమంది" అంది. ఆయన సరుకు తూచి సంచిలో వేసి, ఆ "అప్పు రేపు" బోర్డు వెనక చెయ్యి పెట్టి పొడుగాటి ఖాతా పుస్తకం బయటికి తీశాడు. పేజీ వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, దారం పెట్టి ఉంది. రాసి, పుస్తకం మళ్ళీ అక్కడే పెట్టి, నా మొహం చూసి అన్నాడు: "ఇది అరువు కాదండీ. వీళ్ళు మనవాళ్ళే."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో అరువంటే ముక్కూమొహం తెలియనివాడికి ఇచ్చేది. నెలనెలా జీతం రాగానే కట్టేసే ఇంటికి ఇచ్చేది "ఖాతా". నా ప్రశ్నపత్రంలో ఈ రెండింటికీ ఒకటే గడి. ఆ రోజు అలాంటి టిక్కులు ఎన్ని పెట్టుకొచ్చానో నాకే తెలియదు. మీ గైడ్ ప్రశ్నపత్రం ఎందుకు వద్దన్నారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఏ మాటకు వాళ్ళ దగ్గర ఏ అర్థం ఉందో తెలియకుండా లెక్కలు తీస్తే, తప్పుని దశాంశ స్థానాలతో సహా చూపించినట్టు అవుతుంది.

మీ అంశానికి నా సలహా: ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూలు ప్రధానంగా పెట్టుకోండి, రెండు కొట్లలో పరిశీలన తోడు చేసుకోండి. ఫోకస్ గ్రూపు వదిలెయ్యండి. కారణం కింద చెప్తాను.

ఇంటర్వ్యూలో అభిప్రాయాల జోలికి పోకండి, కనీసం మొదటి అరగంట. "యూపీఐ వల్ల మీకు లాభమేనా?" అని అడిగారనుకోండి, "లాభమే" అంటారు. "నష్టమా?" అంటే దానికీ తలూపుతారు. ఎదురుగా చదువుకున్న పిల్లాడు కూర్చుని అడుగుతుంటే కాదనడం ఎందుకని మొహమాటం. దానికి బదులు జరిగిన ఒక్క సంఘటన పట్టుకోండి. ఉదాహరణకి:

"నిన్న రాత్రి కొట్టు కట్టేసే ముందు పుస్తకంలో చివరిగా ఎవరిది రాశారు? పేరొద్దు, ఏం జరిగిందో చెప్పండి."

"ఈ నెలలో ఎవరైనా పాత బాకీ ఫోన్‌లో కొట్టేశారా? ఆ రోజు ఎలా జరిగింది?"

"ఇక రాయను అని చివరిసారి ఎవరికి చెప్పారు? నోటితో చెప్పారా, ఇంకోలా తెలిసేలా చేశారా?"

మూడో ప్రశ్నకి వచ్చే జవాబులు మీ రిపోర్టులో సగం నింపుతాయి. ఎందుకంటే "రాయను" అని ముఖాన చెప్పేవాళ్ళు అరుదు. "సరుకు అయిపోయింది" అంటారు, "అబ్బాయి కొట్లో లేడు, పుస్తకం వాడి దగ్గరుంది" అంటారు.

ఇలా సంఘటన పట్టుకుని అడిగే పద్ధతికి ఒక పేరుంది, క్రిటికల్ ఇన్సిడెంట్ టెక్నిక్. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనిక విమాన దళంలో పనిచేసిన జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో దీన్ని వ్యాసంగా రాశాడు. మంచి పైలట్ ఎలా ఉండాలి అని అడిగితే అందరూ "ధైర్యం, క్రమశిక్షణ" లాంటి మాటలే చెప్తారు. ఫలానా రోజు ఏం చేసి గట్టెక్కారు, ఏం చేసి దెబ్బతిన్నారు అని అడిగితేనే పనికొచ్చేది బయటపడుతుంది. మీ మెథడాలజీ చాప్టర్లో ఈ పేరు రాసుకోండి, గైడ్‌కి నచ్చుతుంది.

ఇంకో చిన్న కిటుకు. కొట్టువాళ్ళకి "2018లో" అంటే ఏమీ గుర్తుకు రాదు. "నోట్ల రద్దప్పుడు", "లాక్‌డౌన్‌లో", "ఈ క్యూఆర్ స్టిక్కర్ అంటించిన కొత్తలో" అంటే అన్నీ వరసగా వస్తాయి. యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైంది, అదే ఏడు నవంబర్ 8న నోట్ల రద్దు, 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్. ఈ మూడు గుర్తులూ మీ దగ్గర పెట్టుకుని కబురు వాటి చుట్టూ తిప్పండి.

ప్రశ్నల కాగితం ఉండాలి, కానీ దాన్ని చదవకూడదు. ఇది అమెరికాలో చికాగో పక్కన హాథోర్న్ ఫ్యాక్టరీ వాళ్ళు దాదాపు వందేళ్ళ క్రితమే నేర్చుకున్న పాఠం. మీ సిలబస్‌లో హాథోర్న్ అంటే లైట్లు పెంచారు, తగ్గించారు, ఉత్పత్తి పెరిగింది అన్నంతవరకే ఉండొచ్చు. 1928 నుంచి అక్కడ 20 వేలమందికి పైగా కార్మికులతో ఇంటర్వ్యూలు చేశారు. మొదట సూపర్‌వైజర్ ఎలా ఉన్నాడు, పని ఎలా ఉంది అని నేరుగా అడిగేవాళ్ళు. కార్మికులేమో వాళ్ళక్కావాల్సిన వేరే విషయంలోకి వెళ్ళిపోయేవాళ్ళు. కొన్నాళ్ళకి ఇంటర్వ్యూ చేసేవాళ్ళే పద్ధతి మార్చుకున్నారు: వాళ్ళు ఎటు వెళ్తే అటు వెళ్ళడం, మధ్యలో అడ్డుపడకపోవడం. సుమారు అరగంటలో అయిపోయే ఇంటర్వ్యూ గంటన్నర దాకా సాగింది. మీ కొట్టాయన బాకీ గురించి మాట్లాడుతూ కూతురి పెళ్ళి ఖర్చులోకి వెళ్తే ఆపకండి. ఆ పెళ్ళికి డబ్బు కావాల్సొచ్చే పాత బాకీలన్నీ గట్టిగా వసూలు చేశాడేమో.

ఎప్పుడు వెళ్ళాలి? పొద్దున్నే పాలు, టిఫిన్ సరుకుల హడావిడి. సాయంత్రం ఆరు దాటితే మళ్ళీ జనం. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర మధ్య వెళ్ళండి. భోజనం చేసి, ఫ్యాన్ కింద కూర్చుని, పేపర్ తిరగేస్తుంటారు. మాట్లాడే మనిషి దొరికితే వాళ్ళకీ కాలక్షేపమే. కాకపోతే వెళ్ళగానే వచ్చే మొదటి ప్రశ్న "జీఎస్టీ వాళ్ళా?" అని. కాలేజీ లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో ఒక ఉత్తరం, మీ ఐడీ కార్డు చూపించండి. ఇది చదువు కోసమే, పేరు రాయను, మధ్యలో వద్దనుకుంటే ఆపేస్తానని నోటితో స్పష్టంగా చెప్పండి. రోజుకి బేరమెంత, లాభమెంత అని మొదటి రోజు పొరపాటున కూడా అడగొద్దు. రెండోసారి వెళ్తే అడక్కుండానే చెప్తారు.

ఖాతా పుస్తకం మీ దగ్గరున్న అన్నిటికంటే మంచి సాధనం. వీలైతే ఒక పాత పేజీ తెరిచి, "ఈ పేజీ కథ చెప్పండి" అనండి. కొట్టివేతలు, పక్కన పెట్టిన సున్నాలు, "ఫో" అని రాసుకున్న గుర్తులు (ఫోన్‌పేలో వచ్చిందని), నెలరోజులు ఏమీ రాయని ఖాళీ. ఒక్కో గుర్తు వెనకా ఒక సంఘటన ఉంటుంది. ఫోటో మాత్రం తియ్యకండి. అందులో ఉన్నవి ఊళ్ళో బతుకుతున్న మనుషుల పేర్లు, వాళ్ళ అప్పులు. వాళ్ళు మీకు ఒప్పుకోలేదు, కొట్టాయన ఒప్పుకున్నా సరిపోదు. కావాలంటే పేజీ ఆకారం మీ నోట్‌బుక్‌లో గీసుకోండి, పేర్ల చోట అంకెలు వేసుకోండి.

ఇక పరిశీలన. ఇంటర్వ్యూ బాగా ఇచ్చిన ఇద్దరిని అడిగి, ఒక్కో కొట్లో మూడు సాయంత్రాలు కూర్చోండి. ఓ మూల బియ్యం బస్తా మీదో, ప్లాస్టిక్ స్టూలు మీదో. ప్రతి బేరానికీ టైము, ఏం అడిగారు, డబ్బు ఎలా వచ్చింది: నోటా, ఫోనా, పుస్తకమా. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ కంటితో చూసింది, చెవితో విన్నది. కుడి పేజీ మీ ఊహ. ఈ రెండూ కలిసిపోతే వారం తర్వాత ఏది చూశారో, ఏది అనుకున్నారో మీకే తెలియదు. మొదటి సాయంత్రం రాసుకున్నది పెద్దగా నమ్మకండి. మీరున్నారని ఆయన కాస్త పద్ధతిగా ఉంటాడు. రెండో రోజుకి మిమ్మల్ని మర్చిపోతాడు, మూడో రోజు "బాబూ, ఆ సబ్బు డబ్బా అందుకో" అంటాడు. అప్పుడు మీ పని మొదలైనట్టు.

ఇంటర్వ్యూలో రానివి ఇక్కడ వస్తాయి. సౌండ్ బాక్స్ "ఇరవై రూపాయలు" అని అరిచినప్పుడు కొట్టాయన తల ఎత్తడు. ఖాతా ఉన్న ఆవిడ వచ్చి, చిన్న వస్తువు కొని ఫోన్‌లో కడితే మాత్రం తల ఎత్తి చూస్తాడు. పాత బాకీ ఉంచుకుని కొత్త సరుకుకి డబ్బు కట్టడమేమిటని ఆ చూపు. నన్నడిగితే మీ రీసెర్చ్ ప్రశ్న ఆ చూపులోనే ఉంది. బాకీ పెరిగినవాళ్ళు మొహం చాటేసి పక్క వీధి కొట్లో ఫోన్ కొట్టి కొనుక్కుంటున్నారని నాకు చాలామంది కొట్టువాళ్ళు చెప్పారు. గుంటూరులో అది నిజమో కాదో మీరు తేల్చండి. దానికోసం ఒక నలుగురైదుగురు ఖాతాదారులతో కూడా మాట్లాడాలి. కొట్టు పేరెత్తకుండా, కొట్టు పరిచయం లేకుండా, వేరే దారిలో పట్టుకోండి.

ఫోకస్ గ్రూపు ఎందుకొద్దంటే, అప్పు నలుగురిలో మాట్లాడే విషయం కాదు. ఓసారి ఒక కంపెనీ కోసం ఎనిమిది మంది కొట్టువాళ్ళని హోటల్లో ఏసీ గదిలో కూర్చోబెట్టాం. అందులో ఒకాయన ఆ ప్రాంత వర్తక సంఘంలో పెద్ద అని మాకు తెలియలేదు. ఆయన "మా ఏరియాలో ఎవరూ అరువివ్వం" అన్నాడు, మిగతా ఏడుగురూ తలలూపారు. రెండు గంటలు, ఎనిమిది భోజనాలు, ఒకే ఒక్క జవాబు. మర్నాడు వాళ్ళలో ముగ్గురి కొట్లకి విడివిడిగా వెళ్తే మూడు చోట్లా ఖాతా పుస్తకాలున్నాయి. కొత్త ప్యాకెట్ డిజైన్, ప్రకటన, రుచి లాంటి పరువు సమస్య లేని విషయాలకి గ్రూపు బాగానే పనిచేస్తుంది. అసలీ పద్ధతికి ఆద్యుడిగా చెప్పుకునే అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1940లలో దీన్ని మొదలుపెట్టింది రేడియో కార్యక్రమాలకి శ్రోతల స్పందన తెలుసుకోవడానికే.

గ్రూపుకి బదులు ఇంకోటి చెయ్యండి: వాట్సాప్ వాయిస్ డైరీ. మీతో కాస్త చనువు ఏర్పడిన ముగ్గురు కొట్టువాళ్ళని పది రోజులపాటు రాత్రి కొట్టు కట్టేశాక ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టమనండి, "ఇవాళ పుస్తకం సంగతేంటి" అని. రాయమంటే ఒక్కరు రాయరు. మాట్లాడమంటే, పోలీసు స్టేషన్లో ఫిర్యాదు చేసినంత వివరంగా చెప్తారు. ఒకటి రెండు రోజులు మర్చిపోతారు, గుర్తుచెయ్యండి, సతాయించకండి.

ఎంతమంది? 12 నుంచి 15 కొట్లు. గ్రెగ్ గెస్ట్ అనే పరిశోధకుడి బృందం 2006లో రాసిన వ్యాసం ఒకటి అందరూ ఉదహరిస్తారు. పశ్చిమ ఆఫ్రికాలో 60 మంది మహిళల ఇంటర్వ్యూలు తీసుకుని వరసగా విశ్లేషిస్తే, మొదటి 12 పూర్తయ్యేసరికే దాదాపు ముఖ్యమైన విషయాలన్నీ వచ్చేశాయి. అయితే వాళ్ళు ఒకే తరహా మనుషుల్ని, ఒకే అంశం మీద అడిగారు. కాబట్టి ఆ 12ని గుడ్డిగా నమ్మకండి, మీ వీధిలోనే 12 కొట్లు చూస్తే ఆ వీధి సంగతే తెలుస్తుంది. అపార్ట్‌మెంట్ల మధ్య కొట్టు, కూలిపనివాళ్ళ బస్తీలో కొట్టు, బస్టాండు పక్క కొట్టు, మిర్చి యార్డు వైపు కొట్టు, ఊరి శివారు పల్లెలో కొట్టు, ఇలా ఏరుకోండి. మిర్చి యార్డు వైపు ఎందుకంటే అక్కడ డబ్బు నెల జీతంలా రాదు, పంట అమ్మినప్పుడు వస్తుంది. ఫోన్‌లో కట్టే సౌకర్యం ఉన్నా కట్టడానికి డబ్బు వచ్చే రోజు మారదు కదా. అరువు పూర్తిగా మానేసిన కొట్టు ఒకటి, యూపీఐ స్టిక్కరే పెట్టని కొట్టు ఒకటి తప్పకుండా వెతకండి. మీ అంచనాని తలకిందులు చేసేవాళ్ళు వాళ్ళే. ఎలాగూ కొట్టు కొట్టుకీ తిరిగే డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మన్ ఒకరితో టీ తాగండి. ఏ కొట్టు ఎలా నడుస్తుందో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

రికార్డింగు విషయంలో ఒక హెచ్చరిక. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చెయ్యండి, కానీ ఫోన్ టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టకండి. నా యాభై నిమిషాల ఇంటర్వ్యూ ఒకటి మొత్తం ఈదురుగాలిలా వినిపించింది. రికార్డు వద్దంటే బలవంతం చెయ్యొద్దు, బయటికొచ్చి బస్సెక్కకముందే గుర్తున్నదంతా రాసుకోండి. ఇంటికెళ్ళి రాద్దామనుకుంటే సగం పోతుంది. ఆ రాత్రికే ఇంకోచోట కాపీ పెట్టుకోండి. మైసూరు దగ్గర ఒక పల్లెలో 1948లో ఉండి వచ్చిన సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్, ఏళ్ళ తరబడి క్రమంలో పెట్టుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన అగ్ని ప్రమాదంలో కాలిపోయింది. తర్వాత ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాశారు, అది గొప్ప పుస్తకమే అయింది. మనకంత జ్ఞాపకశక్తి ఉందో లేదో మనకి తెలుసు కాబట్టి గూగుల్ డ్రైవ్ వాడదాం.

రాతలోకి ఎక్కించేటప్పుడు తెలుగులోనే ఎక్కించండి. చాలామంది పిల్లలు వింటూ వింటూ ఇంగ్లీషులోకి దించేస్తారు, రిపోర్టు ఇంగ్లీషులోనే కదా అని. అక్కడే సరుకంతా పోతుంది. "అడగడానికి మొహమాటం అండీ", "మూడు నెలలు తిప్పాడు", "మాట పోద్దని కట్టేసింది", "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది": ఈ మాటలకి ఇంగ్లీషులో ఏం రాస్తారు? మొహమాటాన్ని సిగ్గు అన్నా తప్పే, సంకోచం అన్నా తప్పే. ఎదుటివాడితో బంధం ఉండబట్టే పుట్టే ఇబ్బంది అది. ఫోన్‌పేలో "రిక్వెస్ట్" పంపే వీలున్న రోజుల్లో (2025 దాకా ఉండేది) మొహమాటం లేకుండా అలా బాకీ అడగాల్సింది కదా అని మీరు ఒక కొట్టాయన్ని అడిగి చూడండి, ఏమంటాడో. కోడింగ్ (ఇంటర్వ్యూలోని ఒక్కో ముక్కకీ దాని అంశం పేరు తగిలించడం) చేసేటప్పుడు ఈ మాటలనే కోడ్‌లుగా ఉంచండి. మొహమాటం, తిప్పడం, మాట, మనవాళ్ళు. మొదటి నాలుగు ఇంటర్వ్యూలు కోడ్ చేశాకే ఐదోదానికి వెళ్ళండి, ఎందుకంటే ప్రశ్నలు మారతాయి. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, 15 ఇంటర్వ్యూలకి రంగు పెన్సిళ్ళు, ఎక్సెల్ చాలు.

వైవా గురించి. "15 మందితో గుంటూరంతా ఇంతేనని ఎలా చెప్తావ్?" అంటే, "నేను అలా చెప్పడం లేదు సార్" అనండి. ఎంతమంది అరువు మానేశారన్నది మీ ప్రశ్న కాదు. ఎలా మానేస్తున్నారు, ఎవరికి మానెయ్యలేకపోతున్నారు, ఎందుకు అన్నది మీ ప్రశ్న. ఇంకా గట్టిగా అడిగితే మేనేజ్‌మెంట్ పరిశోధకుడు హెన్రీ మింట్జ్‌బర్గ్ పేరు చెప్పండి. 1973లో వచ్చిన ఆయన అధ్యయనం ఐదుగురు పెద్ద అధికారుల్ని ఒక్కొక్కరినీ వారం రోజులు కనిపెట్టి చూసి రాసింది. మేనేజర్లు తీరిగ్గా కూర్చుని ప్రణాళికలు వేస్తారన్న నమ్మకం దాంతో కదిలిపోయింది. వాళ్ళు చేసే పనుల్లో సగం తొమ్మిది నిమిషాల్లోపే ముగుస్తున్నాయని చూపించాడు. అయితే ఈ సమర్థన ఒక్క షరతు మీదే నిలబడుతుంది: రిపోర్టులో ఎక్కడా "60 శాతం కొట్లలో" అని రాయకూడదు. "15లో తొమ్మిది కొట్లలో" అనే రాయండి.

45 రోజుల్లో మొదటి వారం రెండు కొట్లు, ఆ రెండూ వార్మప్ అనుకోండి. తర్వాత మూడు వారాలు ఇంటర్వ్యూలు, కోడింగు పక్కపక్కనే. నాలుగో వారం మొదలుకుని పది రోజులు పరిశీలన, డైరీలు కలిసి నడుస్తాయి. చివరి రెండు వారాలు రాతకి ఉంచుకోండి, తగ్గించకండి.

మొదటి రెండు ఇంటర్వ్యూలు అయ్యాక పేర్లు, వీధులు తీసేసి ఇక్కడ పెట్టండి, ఎక్కడ "అంటే?" అని అడగకుండా వదిలేశారో చూసి చెప్తాను. రేపు మధ్యాహ్నం వెళ్ళేటప్పుడు జేబులో పది, ఇరవై రూపాయల నోట్లు ఉంచుకోండి. బిస్కెట్ ప్యాకెట్ కొని ఫోన్ తియ్యకండి, చిల్లర ఇవ్వండి. ఆ చిల్లర చూసి ఆయన యూపీఐ గురించి మీరు అడగకముందే మొదలుపెట్టే అవకాశం ఎక్కువ.